డెబ్భై నాలుగు గీతల గోడ

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యాక నువ్వే చెప్పు.

నువ్వు గీసిన మా బిల్డింగు మ్యాపు నిన్న వచ్చింది. నాలుగంతస్తులు, నలభై షాపులు. బొత్తాలు కొనడానికి వచ్చినవాళ్లు దారి తప్పి పళ్ల డాక్టరు కుర్చీలో తేలుతున్నారు, గేటు దగ్గర ఒక మ్యాపు పెట్టించండి అని సెక్రటరీకి చెప్పింది నేనే. "మా తమ్ముడు ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చేత్తో గీశాడంటే బిల్డింగు కాగితం మీంచి లేచి నిలబడుతుంది" అని నెల రోజులపాటు కనిపించిన వాళ్లందరికీ డప్పు కొట్టిందీ నేనే. నాకు బుద్ధి లేదు.

అందరం గేటు దగ్గర చేరాం. సెక్రటరీ పైన కప్పిన కాగితం లాగేశాడు. డాబా చూస్తే సున్నం వేసినంత తెల్లగా ఉంది. ఎడమవైపు గోడ లేత బూడిదరంగులో ముచ్చటగా ఉంది. కుడివైపు గోడ చూస్తే బొగ్గుల కొట్టు! కుడివైపు మూడో అంతస్తులో ఎవరుంటారో తెలుసా? మీ అక్క. చిరిగిన బట్టకి చిరుగు కనబడకుండా రఫూ చేసి బతుకుతున్న మీ సొంత అక్క.

ఎడమవైపు షాపు దర్జీ వెంటనే నా వైపు తిరిగి, "మీ తమ్ముడుగారికి మీ మీద ఏమన్నా కోపమా అండీ?" అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది. రఫూ పనికి వెలుతురే పెట్టుబడి. నా షాపుకి రెండు నిలువెత్తు కిటికీలున్నాయి, పొద్దున్నే ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది. ఆ బొమ్మ చూసినవాడు ఈ చీకటి కొట్టుకి కోటు పట్టుకుని ఎందుకు వస్తాడు?

వెంటనే ఆ నలుపు తీసెయ్యి.

ఇట్లు,
కోపంలో ఉన్న మీ అక్క

తా.క. డాబా మీద నీళ్ల ట్యాంకు వేసి, దాని నీడ తెచ్చి సరిగ్గా నా కిటికీ మీద పడేశావు. ఆ ట్యాంకు కారుతోందని పోయినేడే పీకేశారు. ట్యాంకు లేదు గానీ దాని నీడ నా మీద మిగిలింది.


పూజ్యురాలైన అక్కయ్యకు,

నమస్కారాలు. క్షేమంగానే ఉన్నాను, మనసు తప్ప.

పదకొండు రోజులు నడుం విరిగేలా వంగి గీసిన బొమ్మని బొగ్గుల కొట్టు అన్నావు. ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాను, ఏ ఇంజినీరూ నన్ను అంత మాట అనలేదు.

అక్కా, ఇలాంటి మ్యాపులో బిల్డింగుని మూలనుంచి, కొంచెం పైనుంచి చూస్తున్నట్టు గీస్తాం. మూడే ముఖాలు కనిపిస్తాయి. డాబా, ఎడమ గోడ, కుడి గోడ. మూడింటికీ మూడు రకాల వెలుగు ఇవ్వాలి. ఇవ్వకపోతే అట్టపెట్టె విప్పి నేల మీద పరిచినట్టుంటుంది. అందుకని వెలుగు ఎడమ పైమూల నుంచి వస్తోందని అనుకుంటాం. డాబా ఖాళీగా వదిలేస్తాం. ఎడమ గోడకి పల్చగా గీతలు వేస్తాం, కుడి గోడకి దగ్గరదగ్గరగా వేస్తాం. మీ బిల్డింగుకి ఎడమవైపు షాపుకి పద్నాలుగు చొప్పున, కుడివైపు షాపుకి ముప్పై ఆరు చొప్పున వేశాను. అందరికీ ఒకటే లెక్క. మా అక్క షాపని ఒకటి తగ్గించలేదు, ఒకటి పెంచలేదు.

మీ కిటికీలో ఎండ ఎప్పుడొస్తుందన్నది మ్యాపుకి అనవసరం. మ్యాపులో సూర్యుడు ఉదయించడు, అస్తమించడు. ఎడమ పైమూలన ఉద్యోగంలో చేరి అక్కడే ఉండిపోతాడు.

పెన్సిలు పొడి వేలితో పులిమి దాన్ని నీడ అనేవాళ్లున్నారు. నేను ఆ బాపతు కాదు. ప్రతి గీతా స్కేలు పెట్టి, ఇంకు పెన్నుతో, ఊపిరి బిగబట్టి గీసిందే. అయినా ఈ విద్య నాకు నేర్పిందెవరు? చిన్నప్పుడు నా చొక్కా మోచెయ్యి చిరిగితే నువ్వు ముందు నిలువు పోగులు వరసగా వేసి, వాటిలోంచి అడ్డం పోగులు ఎక్కించేదానివి. ఎక్కడ పోగు దగ్గరైతే అక్కడ ముదురు, దూరమైతే అక్కడ లేత. నేను కాగితం మీద చేసేదీ అదే. నీ పనిని నువ్వే తిట్టుకుంటున్నావు.

ఒక్క గీత కూడా తియ్యను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. నువ్వు పంపిన ప్లానులో ట్యాంకు ఉంది. మీరు ట్యాంకు పీకేసి నాకు చెప్పకపోతే దాని నీడ తనంతట తాను లేచిపోతుందా?


తమ్ముడికి,

చిరంజీవి అని కావాలనే రాయలేదు. నీ ఆయుష్షు సంగతి ఇక నువ్వే చూసుకో.

ముప్పై ఆరు గీతలన్నావు. నేను పోయి లెక్కపెట్టాను. సెక్రటరీ దాని కింద "చేతితో ముట్టరాదు" అని అంటించాడు కాబట్టి స్టూలు వేసుకుని కూర్చుని కళ్లతోనే లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆ దర్జీ షాపుకి ఇరవై ఎనిమిది గీతలు. నా షాపుకి డెబ్భై నాలుగు!

అమ్మ పోయాక నీకు ఆకలి తెలియకుండా అన్నం కలిపి పెట్టినదానికి డెబ్భై నాలుగు. ఎవడో దారినపోయే దర్జీకి ఇరవై ఎనిమిది. పైగా అందరికీ ఒకటే లెక్క అని నాకు నీతులు. పోగులు లెక్కపెట్టి బతికేదాన్నిరా నేను. నా దగ్గరా నీ లెక్కలు?

ఆ మ్యాపు వచ్చిన దగ్గర్నుంచి నా షాపు నిజంగానే చీకటైపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా దీపం వేసుకోవాల్సి వస్తోంది. దానికి తోడు సూదుల కంపెనీవాళ్లు ఈమధ్య సూది బెజ్జాలు మరీ చిన్నవి చేసేశారు. దారం ఎక్కించేసరికి టీ చల్లారిపోతోంది. దీని మీద కూడా ఎవరికన్నా రాయాలి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నా. నాలుగో అంతస్తు లాయరు తన నల్లకోటు తెచ్చి నా బల్ల మీద పడేసి, "ఏమిటండీ ఇది, నల్ల కోటు మీద నీలం మరక పడ్డట్టుంది" అన్నాడు. నల్లదానికి నల్ల దారం వేశాను. నా చేత్తో వేశాను. ముప్పై ఏళ్లలో ఒక్క బట్ట వెనక్కి రాలేదు నాకు. కింద ఆ నల్లగోడ చూసి, ఈ చీకట్లో పని ఏం కనిపిస్తుందిలే అని ముందే అనేసుకుని మెట్లెక్కి వచ్చాడు. ఇక వాడికి అన్నీ తప్పులే. ఆ కోటు తీసుకుపోయి దర్జీకి ఇచ్చాడు.

దీనికి ఎవరు జవాబుదారీ?

ఇట్లు,
డెబ్భై నాలుగు గీతల వెనక కూర్చున్న మీ అక్క

తా.క. దర్జీ తన గుమ్మానికి కొత్త బోర్డు తగిలించాడు. "వెలుతురు వైపు షాపు" అని రాయించాడు. కింద బాణం గుర్తు కూడా ఉంది.


అక్కయ్యకు,

అంతా క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ నాకు అబద్ధం చేతకాదు.

డెబ్భై నాలుగా! నా జన్మలో ఒక షాపు గోడకి డెబ్భై నాలుగు గీతలు వెయ్యలేదు. వేస్తే అది గోడ అవదు, ఇంకు సీసా ఒలికినట్టవుతుంది. నీ ఉత్తరం చదివి చెప్పులేసుకుని కాపీల షాపుకి పోయాను. నా బొమ్మని పెద్దది చేసి మీకు పంపింది వాడే కదా. "నా కాగితం మీద రెండుసార్లు అచ్చు కొట్టి, పక్కపక్కన గీతలు పడేసి, మా అక్క పొట్ట కొట్టావు" అన్నాను. వాడు తన దగ్గరున్న రెండో కాపీ తీసి, భూతద్దం నా చేతిలో పెట్టి, లెక్కపెట్టుకో తాతా అన్నాడు. తాతా అన్నాక ఇంకా లెక్కపెట్టడమేమిటి? భూతద్దం వాడి బల్ల మీద కొట్టి వచ్చేశాను.

కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. దర్జీ షాపుకి పద్నాలుగు వేశాను, నువ్వు ఇరవై ఎనిమిదన్నావు. సరిగ్గా రెట్టింపు. కాబట్టి మీకు పంపిన కాపీలో వాడు అచ్చు రెండుసార్లు కొట్టిన మాట ఖాయం. కానీ నీ గోడ సంగతి అలా కాదు. ముప్పై ఆరుకి రెట్టింపు డెబ్భై రెండు. డెబ్భై నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ మిగతా రెండూ కాపీవాడివి కావు, నావి కావు. అవి నీ కోపంలోంచి వచ్చాయి.

చెబుతున్నా విను. నేను గీసింది ముప్పై ఆరు. ఒక్క గీత ఎక్కువ ఉందని రుజువు చెయ్యి, నా పెన్ను రెండు ముక్కలు చేసి నీకు పోస్టులో పంపిస్తాను. మళ్లీ బొమ్మ ముట్టను.

రుజువు పంపు. మాటలు కాదు.

ఇట్లు,
ముప్పై ఆరు గీతల తమ్ముడు

తా.క. కాపీల షాపువాడు నన్ను ఇక రావద్దన్నాడు. ఇంకో షాపు రెండు మైళ్లు. నీ మూలంగా మీ మరదలి వైద్యం కాగితాలు కూడా అక్కడిదాకా నడిచి కాపీ తీయించాల్సి వస్తోంది. ఆవిడ నీ మీద కాదు, నా మీద మండిపడుతోంది.


డ్రాఫ్ట్స్‌మన్‌గారికి,

ఆర్యా,

నువ్వు తియ్యనన్నావు కాబట్టి నా గోడ నేనే బాగుచేసుకున్నాను. తెల్ల కాగితం నా షాపు కొలతకి కత్తిరించి, మ్యాపు మీద నా గడిలో అంటించాను. చూడ్డానికి కళ్లు చల్లబడ్డాయి. మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపల ముగ్గురు వచ్చి, "షాపు ఖాళీ అయిందటగా, అద్దెకిస్తారా?" అని అడిగారు. ఒకాయన టేపు తెచ్చి నా కిటికీ కొలిచాడు కూడా. నేను కూర్చున్న కుర్చీ జరిపించి మరీ కొలిచాడు.

సెక్రటరీకి అదే సందయింది. నా పేర నోటీసు ఇచ్చాడు. మ్యాపు పాడుచేశానట. నోటీసు ఇచ్చి ఊరుకున్నాడా? కుర్చీ లాక్కుని కూర్చుని చాలా మెత్తగా మాట్లాడాడు. "ఈ నెలలో మూడు బట్టలు వెనక్కొచ్చాయటండీ. పెద్దవారయ్యారు, ఇక విశ్రాంతి తీసుకోకూడదా? దర్జీగారు మీ షాపు కూడా కలిపి తీసుకుంటానంటున్నారు. శుక్రవారం మీటింగులో మాట్లాడదాం" అన్నాడు.

తమ్ముడూ, తిట్లు కాసేపు పక్కన పెట్టి చెబుతున్నాను. నాకు భయంగా ఉంది. ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు. ఆ బల్ల దగ్గర కూర్చోకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి? ఇదంతా నీ నల్లగోడతోనే మొదలైంది.

రుజువు అడిగావు కదా. ఇదిగో పంపుతున్నాను. మ్యాపు ముందు రెండు రోజులు కూర్చుని, నా గోడ నాకు ఎలా కనిపిస్తోందో అలా తెల్లగుడ్డ మీద కుట్టాను. పెన్ను నీ చేతిలో ఉంటే సూది నా చేతిలో ఉంది. గీతలు జతలు జతలుగా ఉన్నాయి చూడు. ప్రతి ముదురు గీత పక్కనా ఒక వెలిసిన గీత. ఇలా దొంగచాటుగా పక్కన ఇంకోటి వెయ్యడం ఎవరు నేర్పారు నీకు? నేనైతే నేర్పలేదు.

లెక్కపెట్టుకో. డెబ్భై నాలుగు.

ఇట్లు,
మూడో అంతస్తు, కుడివైపు, ఇంకా ఖాళీ చెయ్యనిది

తా.క. అంతా నల్ల దారంతోనే కుట్టాను. నలుపంటే ఎలా ఉంటుందో ఆ లాయరు లాంటివాళ్లు మీ ఊళ్లోనూ ఉంటే వాళ్లకి కూడా చూపించు.


పూజ్యురాలైన అక్కయ్యకు,

సాష్టాంగ నమస్కారాలు.

గుడ్డ అందింది. నువ్వు చెప్పిందే నిజం. నేను మూర్ఖుణ్ణి. తప్పంతా నాదే.

మీ మరదలు ఆ గుడ్డ కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. చూసి, మడిచి నా చేతికిచ్చి, అటక మీంచి పెట్టె దించమంది. తరవాత ఇద్దరం బట్టలు సర్దుకున్నాం.

గురువారం వస్తున్నాం. ఇలాంటి తగవులు తీర్చే పెద్దమనిషి ఒకాయన మీ ఊళ్లోనే ఉన్నాడు. గీతలు ఎన్నో, రంగు ఏదో మిషన్లు పెట్టి మరీ తేల్చేస్తాడట. ఆయన దగ్గరికి పోదాం. నీ ముందు ఆయన కూడా ఓడిపోవాలి. మీటింగు నెల రోజులు వాయిదా వెయ్యమని సెక్రటరీకి విడిగా రాశాను. కొంచెం ఘాటుగానే రాశాను.

నేను వచ్చేదాకా ఎవరి కోటూ ముట్టకు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకో.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. కాపీల షాపువాడికి క్షమాపణ చెప్పి వచ్చాను. ఎందుకని అడగకు. వాడు ఈసారి బాబాయ్ అన్నాడు.


చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. మీరు ఊరు చేరినట్టు ఉత్తరం అందింది. రెండో కంటికి కూడా కట్టు విప్పి పదిరోజులైంది. ఇక ఓపిక వచ్చింది కాబట్టి తిట్టడానికి కూర్చున్నాను.

తగవులు తీర్చే పెద్దమనిషా? తెల్లకోటు వేసుకుని, చీకటి గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల బోర్డు పెట్టి, చదవండమ్మా అన్నాడు. పై వరసలో ఏనుగంత అక్షరాలు, కిందకి పోయేకొద్దీ చీమంత! "ఇదెవరు గీశారు బాబూ, మా తమ్ముడి కంటే అన్యాయంగా ఉన్నాడే" అన్నాను. ఆయన నవ్వాడు. నువ్వు తలుపు దగ్గర నిలబడి చేతిరుమాలులో ముక్కు చీదుకున్నావు. అప్పుడు తెలిసింది నాకు ఎక్కడికి తెచ్చావో.

రెండు కళ్లలోనూ పొర ముదిరిపోయిందట. అలాంటివాళ్లకి ఒకటి రెండుగా కనిపించవచ్చట. నీలం నలుపుగా కనిపించవచ్చట. పట్టపగలే మసకేస్తుందట. చూశావా, వెలుతురు తగ్గింది నా షాపులో కాదు. సూదుల కంపెనీవాళ్లకి రాసిన ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యకపోవడం మంచిదైంది.

నాకు కోపం దేనికంటే, అంతమంది చూసి ఒక్కరూ నోరు విప్పలేదు. సెక్రటరీ విశ్రాంతి అన్నాడు గానీ కళ్లు చూపించుకోమనలేదు. దర్జీ బోర్డు తగిలించాడు గానీ ఒక్క మాట అనలేదు. వంద మైళ్ల అవతల నువ్వు ఒక గుడ్డ చూసి కనిపెట్టావు. అందుకు నీ మీద కూడా కోపంగానే ఉంది. ముందే ఎందుకు రాలేదు?

కట్టు విప్పాక షాపు తాళం తీశాను. ఎండ బల్ల మీద పడి ఉంది, ఎప్పట్లాగే. ఆ ఎండలో ఎంత దుమ్మో! సాలెగూళ్లో! ఈ దరిద్రంలో ఏడాదిగా కూర్చున్నానా అనిపించింది. దారాల పెట్టె తీస్తే నల్ల ఉండల్లో సగం నీలాలు, నీకు పంపిన గుడ్డ కుట్టిన దారంతో సహా. నేనిచ్చేసిన పని కొంచెం తెప్పించుకుని చూశాను. సిగ్గేసింది. ఏడ్చాను కూడా, నీ దగ్గర దాచడమెందుకు.

నాలుగో అంతస్తుకి నేనే పోయి లాయరుని కోటు అడిగి తెచ్చుకున్నాను. దర్జీ దాని మీద అతుకు వేశాడు, నీ ట్యాంకు నీడ లాగా ఉంది. అంతా విప్పి మళ్లీ చేశాను. లాయరు కోటు కిటికీ దగ్గర పట్టుకుని, వేలు పెట్టి తడుముతూ చిరుగు ఎక్కడుందో వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు. ఎక్కడుందో చెప్పమని అడిగాడు, నేను చెప్పలేదు. నిన్న ఆ దర్జీ కూడా ఎవరూ చూడకుండా తన కోటు పట్టుకొచ్చి, "కొంచెం మోచెయ్యి చూస్తారా" అన్నాడు. వెలుతురు వైపు షాపులో ఆ పని అవదా అని అడిగాను. వాయిదా పడ్డ మీటింగు మొన్న జరిగింది. సెక్రటరీ నా షాపు మాటే ఎత్తలేదు.

తరవాత స్టూలు తీసుకుని కిందకి పోయాను. మ్యాపు ముందు కూర్చున్నాను. అబ్బాయ్, ఎంత బాగా గీశావురా! మూలల దగ్గర గీత ఎక్కడా దాటలేదు. గేటు ముందు గచ్చు మీద చుక్కలు పెట్టావని నాకు ఇప్పటిదాకా తెలియనే తెలియదు. కుడి గోడ నల్లగా ఉండబట్టే బిల్డింగు లేచి నిలబడింది. అది ఒప్పుకుంటున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. లెక్కపెట్టాను. దర్జీ షాపుకి పద్నాలుగు, నిజమే. కుడివైపు అందరికీ ముప్పై ఆరు, అదీ నిజమే. నా షాపుకి మాత్రం ముప్పై ఏడు. ఆరుసార్లు లెక్కపెట్టాను. సెక్రటరీ చేత లెక్కపెట్టించాను. లాయరుని కిందకి పిలిచి లెక్కపెట్టించాను.

ముప్పై ఏడుకి రెట్టింపు ఎంత? నా కళ్లు చెడ్డాయి గానీ నా లెక్క చెడలేదు. ఆ రెండూ నా కోపంలోంచి రాలేదు, నీ చేతిలోంచి వచ్చాయి. నేను పంపిన గుడ్డ మీద జతలు నువ్వు లెక్కపెట్టుకునే ఉంటావు. నీకు ఆ రోజే తెలుసు. తెలిసి, తప్పంతా నాదే అని మెత్తగా రాసి తప్పించుకున్నావు, దొంగ వెధవా.

మరదలికి ఆశీస్సులు. తనకి కళ్లే కాదు, బుద్ధి కూడా ఉంది.

ఇట్లు,
మూడో అంతస్తు, కుడివైపు,
మీ అక్క

తా.క. పెన్ను విరిచి పంపుతానన్నావు. విరిచావంటే ఊరుకోను, నువ్వు డ్రాయింగులో చేరిన రోజు నేను కొనిచ్చిన పెన్ను అది. ఆ గీత కూడా చెరపక్కర్లేదు. సెక్రటరీ అంటించిన "చేతితో ముట్టరాదు" కింద నేనే ఇంకో కాగితం అంటించాను: "మూడో అంతస్తు, కుడివైపు, ఒక గీత ఎక్కువ పడింది. గీసినవాడు మా తమ్ముడు." కింద సంతకం పెట్టాను. నల్ల ఇంకుతోనే పెట్టాను.